తిండిలో క్యాన్సర్ కారకాలు: ముందు ఏ డబ్బా తెరిచి చూడాలి?

ప్రశ్న అడిగినావిడ నిజాంపేటలో ఉంటారట. మామగారు ఈమధ్యే లివర్ క్యాన్సర్‌తో పోయారు. అప్పటినుంచి ఫ్యామిలీ గ్రూపులో రోజుకో లిస్టు వస్తోందట, ఇది తింటే క్యాన్సర్, అది తింటే క్యాన్సర్ అని. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. "నిజంగా క్యాన్సర్ తెచ్చే రసాయనాలు మా తిండిలో ఏవి? ముందు ఏది మానాలి? పాలు ఆపేయాలా? హలీం సంగతేంటి? సరుకులు ల్యాబుకి పంపితే తేలిపోతుందా?" అని అడిగారు.

నేను నాచారం వైపు ఒక ఫుడ్ టెస్టింగ్ ల్యాబులో రసాయన విభాగం చూస్తాను. డాక్టర్ని కాను. పల్లీలు, కారం, పాలు, నూనెలు, బియ్యం, ఇవే నా రోజువారీ పని. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

సూటిగా జవాబు: మీ వంటింట్లోకి వస్తే నేను ముందు తెరిచి చూసేది పల్లీల డబ్బా. ఆ తర్వాత ఎండుమిర్చి, ఎండుకొబ్బరి. వీటికి పట్టే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ మన తిండిలో దొరికే క్యాన్సర్ కారకాల్లో చాలా బలమైనది, పైగా అది పనిచేసేది లివర్ మీదే. దాని తర్వాత బొగ్గుల మీద మాడ్చిన మాంసం, రోజూ తినే సాసేజ్, సలామీలు. ఇంట్లో ఎవరికైనా గుట్కా, జర్దా కిళ్లీ, మందు అలవాటుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు ఆ సంగతి చూడండి. కార్బైడ్ మామిడిపళ్లు, యాపిల్ మీద మైనం లాంటివి లిస్టులో బాగా కింద ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యం అసలు లిస్టులోనే లేదు. ఆ అనుమానంతో మా దగ్గరికి వచ్చిన ప్రతి సంచీలోనూ ఉన్నది బియ్యమే.

పాలు ఆపకండి. ఎందుకో కింద చెప్తాను.

మీ మామగారికి ఎందుకు వచ్చిందో ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. హెపటైటిస్ బి, సి, మద్యం, ఫ్యాటీ లివర్, ఇలా కారణాలు చాలా ఉంటాయి. ఒక్క పని మాత్రం చేయండి. ఆయన పాత రిపోర్టుల్లో హెపటైటిస్ బి పాజిటివ్ అని ఉందేమో చూడండి. ఉంటే ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలి, లేనివాళ్లు టీకా వేయించుకోవాలి. ఎందుకంటే హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో అఫ్లాటాక్సిన్ ప్రభావం, లేనివాళ్లతో పోలిస్తే దాదాపు 30 రెట్లు ఎక్కువని ఆహార విషాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం లెక్కగట్టింది. పల్లీలు ఏరుకోవడం కంటే ఈ టీకా వల్లే ఎక్కువ మేలు. మీ పాప టీకా కార్డులో హెపటైటిస్ బి డోసులు పడ్డాయో లేదో కూడా ఒకసారి చూడండి.

గ్రూప్ 1 అంటే ఏమిటి?

మీరు పంపిన లిస్టులో సగం వస్తువుల పక్కన "డబ్ల్యూహెచ్‌ఓ గ్రూప్ 1" అని రాసి ఉంది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) ఇచ్చే గ్రూపులివి. గ్రూప్ 1 అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందనడానికి సాక్ష్యం గట్టిగా ఉందని అర్థం. ఎంత తింటే, ఎంత ప్రమాదం అన్న లెక్క అందులో ఉండదు. అందుకే సిగరెట్టూ, సాసేజూ, ఎండా ఒకే గ్రూపులో ఉన్నాయి. 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1లో పెట్టినప్పుడు "బేకన్ సిగరెట్‌తో సమానం" అని టీవీల్లో ఊదరగొట్టారు. వాళ్లు చెప్పిందల్లా, రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ అవకాశం తిననివాళ్లకంటే 18 శాతం పెరుగుతుందని. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో సిగరెట్ అవకాశాన్ని శాతాల్లో కాదు, రెట్లలో పెంచుతుంది. నెలకోసారి పిల్లకు సాసేజ్ పెట్టినందుకు టెన్షన్ పడకండి. రోజూ టిఫిన్ బాక్సులో పెడుతుంటే ఆపండి.

2023లో చక్కెర బదులు వాడే కృత్రిమ తీపి ఆస్పర్టేమ్‌ని గ్రూప్ 2బీలో (క్యాన్సర్ తేవచ్చేమో, సాక్ష్యం పరిమితం అనే గ్రూపు) పెట్టినప్పుడూ ఇదే గోల. అదే నెలలో, పైన చెప్పిన అంతర్జాతీయ నిపుణుల సంఘం రోజుకి శరీర బరువు కిలోకి 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చాల్సిన పని లేదని చెప్పింది. ఆ రెండో వార్తను ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఇక పల్లీలు

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. మన హైదరాబాద్ ఇళ్లల్లో పల్లీలు లేని రోజుండదు. పొద్దున ఇడ్లీలోకి చట్నీ, పులిహోర, సర్వపిండి, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, పిల్లలకు పల్లీపట్టీ. ఇన్ని రకాలుగా తింటాం కాబట్టే పల్లీల్లో తేడా ఉంటే దాని ప్రభావం పెద్దది.

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చటి బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతే, దాణాలో కలిపిన బ్రెజిల్ పల్లిచెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) నుంచి దీన్ని పట్టుకున్నారు. మన దగ్గర 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా లివర్ పాడై చనిపోయారు. ఆ ఊళ్లల్లో కుక్కలు కూడా చచ్చిపోయాయి. దానిమీద పరిశోధన చేసి 1975లో లాన్సెట్ పత్రికలో రాసింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లే. అది ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పడితే జరిగిన ఘోరం. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోపలికి పోతే వచ్చేది లివర్ క్యాన్సర్.

చాలామంది ఇది గోడౌన్ల నిర్లక్ష్యం వల్ల వస్తుందనుకుంటారు. సగమే నిజం. కోతకు ముందు చివరి వారాల్లో వాన పడక చేను ఎండిపోతే, నేలలోపల ఉన్న కాయకే ఈ బూజు ఎక్కుతుంది. మహబూబ్‌నగర్, అనంతపురం లాంటి వర్షాధార ప్రాంతాల్లో రైతు తప్పేమీ లేకుండానే ఇది జరుగుతుంది. ఆ తర్వాత కాయ సరిగ్గా ఆరకపోయినా, గింజలో తేమ 7 శాతం దాటి సంచుల్లో మూలిగినా అది పెరుగుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ సమస్య మీద ఎన్నో ఏళ్లు పనిచేసి, తక్కువ ఖర్చుతో అఫ్లాటాక్సిన్‌ని కొలిచే కిట్ కూడా తయారుచేసింది.

ఈ విషంతో చిక్కేమిటంటే, బస్తాలో అన్ని గింజల్లోనూ సమానంగా ఉండదు. వందల గింజలు శుభ్రంగా ఉంటాయి, ఒక్కటి మాత్రం నిండా విషంతో ఉంటుంది. ఒక్క గింజలోనే లక్షల పీపీబీ (కిలోకి ఒక మైక్రోగ్రాము ఉంటే ఒక పీపీబీ) ఉన్న సందర్భాలు నమోదయ్యాయి. లెక్క వేసి చూడండి. అర గ్రాము గింజలో లక్ష పీపీబీ ఉంటే అది 50 మైక్రోగ్రాములు. ఆ ఒక్క గింజని 5 కిలోల మంచి పల్లీల్లో కలిపి పొడి చేస్తే మొత్తం పొడి కిలోకి 10 మైక్రోగ్రాములకు చేరుతుంది. నేరుగా తినే పల్లీలకు మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన పరిమితి సరిగ్గా అంతే. యూరప్‌లో అయితే 4. అందుకే యూరప్ నిబంధనల ప్రకారం ఒక లాట్ పల్లీల నుంచి 20 కిలోల శాంపిల్ తీయమంటారు. మన దగ్గర వ్యాపారులు మాత్రం గుప్పెడు పల్లీలు జిప్ కవర్లో వేసి పంపి "సర్టిఫికెట్ ఇవ్వండి" అంటారు.

ఇదే మీకు కలిసొచ్చే విషయం కూడా. విషం కొన్ని గింజల్లోనే గుమిగూడి ఉంటుంది కాబట్టి, ఆ గింజల్ని ఏరేస్తే పెద్ద భాగం పోతుంది. ల్యాబుకి వచ్చిన లాట్లలో ఇది ఎన్నోసార్లు చూశాను. ఏరకముందు పరిమితి దాటిన పల్లీలు, కుదురుగా ఏరాక పరిమితిలోపలికి వచ్చేవి.

ఎలా ఏరాలో చెప్తాను. పల్లీల్ని స్టీలు పళ్లెంలో ఒకే వరుసగా పరచండి, వెలుతురులో చూడండి. ముడుచుకుపోయినవి, పొట్టు నల్లబడినవి, పొట్టు పగిలి లోపల పసుపు లేదా గోధుమ రంగు కనబడేవి, పురుగు తొలిచినవి తీసేయండి. తర్వాత ఓ పది గింజల్ని బద్దలుగా విడదీసి చూడండి. రెండు బద్దల మధ్య ఉండే సన్నని గాడిలో బూడిద రంగుగానీ పచ్చగానీ పొడిలా ఉందంటే ఆ ప్యాకెట్ మొత్తం వదిలేయండి. వేయించాక మరోసారి చూడండి, చెడ్డవి ఇంకా ముదురు రంగుకి తిరుగుతాయి. నోట్లో వేసుకున్నప్పుడు చేదు తగిలితే ఉమ్మేయండి, మర్యాదకి మింగొద్దు.

వేయిస్తే, ఉడికిస్తే పోదా? కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. మన ఇంటి మంట ఆ విషానికి చాలదు. కడిగినా లోపలిది పోదు.

బేగంబజార్‌లో చవగ్గా దొరుకుతాయని ఏడాదికి సరిపడా పల్లీలు కొని పెట్టుకునే ఇళ్లున్నాయి. ఊరినుంచి బస్తా తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. నా సలహా: కాయలుగా ఉంటే నిల్వ పెట్టండి, గింజలైతే నెలకు సరిపడానే కొనండి. జులై నుంచి సెప్టెంబరు దాకా మరీ జాగ్రత్త. పల్లీపట్టీ, పల్లీపొడి కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఏరి పక్కన పడేసిన నాసిరకం గింజలకు కూడా మార్కెట్లో కొనేవాళ్లుంటారు. పొడి చేశాక ఏది ఏదో ఎవరికీ కనబడదు. నేను పల్లీపొడి బయట కొనను.

మిర్చి కూడా ఇదే కోవలోకి వస్తుంది. సుగంధ ద్రవ్యాలకు పరిమితి 30 పీపీబీ. అంత తక్కువగా తినే వస్తువు కాబట్టి సడలింపు ఇచ్చారు. మన ఇళ్లల్లో మనిషికి రోజుకి 10 గ్రాముల కారం పెద్ద విషయం కాదు కదా! 30 పీపీబీ కారం 10 గ్రాములు తింటే 0.3 మైక్రోగ్రాములు, అంటే పరిమితి అంచున ఉన్న పల్లీలు 30 గ్రాములు తిన్నట్టు. కాబట్టి వీలైతే కాయలు కొని పట్టించుకోండి. తొడిమ దగ్గర కాయ విరిచి చూడండి. గింజల మీద తెల్లగానో బూడిద రంగుగానో పీచులా కనబడితే వద్దు. పైన ఎర్రగా నిగనిగలాడే కాయ లోపల కూడా బూజు ఉండొచ్చు. తెల్లమచ్చల తాలుకాయలు చవగ్గా వస్తాయి, హోటళ్లకు వెళ్లే పొడుల్లో అవే ఎక్కువ. ఎండుకొబ్బరి చిప్ప లోపల పచ్చ, నల్ల చుక్కలుంటే గీకేసి వాడేస్తారు చాలామంది. బూజుని గీకితే పోయేది బూజే, విషం కాదు.

గానుగ నూనె గురించి

నిజాంపేట, మియాపూర్‌లలో ఇప్పుడు సందుకో గానుగ ఉంది. మీరూ దానికే మారారని రాశారు. గానుగ నూనె మీద నాకు కోపమేమీ లేదు, రుచి బాగుంటుంది. కానీ "రిఫైన్డ్ అంటే క్యాన్సర్, గానుగ అంటే అమృతం" అన్నది ల్యాబులో నిలబడే మాట కాదు. పల్లీల్లో ఉన్న అఫ్లాటాక్సిన్ చాలా భాగం చెక్కలోకి పోతుంది, కొంత నూనెలో మిగులుతుంది. రిఫైనరీలో క్షారంతో కడిగి, మట్టితో రంగు తీసేటప్పుడు అది దాదాపు పోతుంది. గానుగలో ఆ పనులేవీ ఉండవు. రిఫైన్డ్ నూనెలదీ, ముఖ్యంగా పామాయిల్‌దీ, వేరే గొడవ. 200 డిగ్రీలు దాటి వాసన తీసేటప్పుడు గ్లైసిడిల్ ఎస్టర్లు అనేవి ఏర్పడతాయి. వాటినుంచి పుట్టే గ్లైసిడాల్ గ్రూప్ 2ఏలో (మనుషుల్లో బహుశా క్యాన్సర్ తెస్తుంది అనే గ్రూపు) ఉంది.

మరి ఏది వాడాలి? గానుగ వాడేట్టయితే మీ కళ్లముందు పోసే పల్లీలు చూడండి. మేం నూనె పరీక్షించిన ఒక గానుగాయన, రిపోర్టు చూశాక మిషన్ పక్కనే ఇద్దరు ఆడవాళ్లను పల్లీలు ఏరడానికి పెట్టుకున్నాడు. లీటరుకి ధర కొంచెం పెంచాడు. అలాంటిచోట కొనండి. ఒకే నూనెకి కట్టుబడకుండా మార్చి మార్చి వాడుకోవడం ఇంకా మంచిది.

ఆ చెక్క ఎక్కడికి పోతుంది?

గేదెలకు. ఇక్కడే పాల కథ మొదలవుతుంది. పల్లిచెక్క, పత్తిగింజల చెక్క తిన్న పశువు, అఫ్లాటాక్సిన్లలో అన్నిటికంటే బలమైన బీ1 రకాన్ని ఎం1 అనే రూపంలోకి మార్చి, అందులో కొన్ని శాతాలు పాలల్లోకి వదులుతుంది. కాచినా, ప్యాశ్చరైజ్ చేసినా పోదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశమంతా చేసిన పాల సర్వేలో 6,432 శాంపిళ్లు పరీక్షిస్తే 5.7 శాతం ఎం1 పరిమితిని దాటాయి. ఆశ్చర్యమేమిటంటే విడి పాలకంటే ప్యాకెట్ పాలల్లోనే ఇది ఎక్కువ కనబడింది. ఆ సర్వే ముందు దాకా అందరం పాలల్లో యూరియా, డిటర్జెంట్ అంటూ కల్తీ వెనకే పరుగెత్తాం. కల్తీ చేసినట్టు తేలినవి 12 శాంపిళ్లే.

అయినా పాలు ఆపొద్దన్నాను. లెక్క చూడండి. మన పరిమితి కిలోకి 0.5 మైక్రోగ్రాములు. పాప అర లీటరు తాగితే, పాలు పరిమితి అంచున ఉన్నా, 0.25 మైక్రోగ్రాముల ఎం1. పరిమితి అంచున ఉన్న పల్లీలు 25 గ్రాములు తిన్నా 0.25 మైక్రోగ్రాములే, కానీ అది బీ1. క్యాన్సర్ తెచ్చే శక్తిలో ఎం1 బీ1లో పదోవంతు ఉంటుందని నిపుణుల అంచనా. అంటే పాపకు పల్లీపట్టీ ఇచ్చి పాలు ఆపేస్తే మీరు తప్పు చోట జాగ్రత్తపడినట్టు. ఎం1 పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని ఉంటుంది కాబట్టి పనీర్‌లో చిక్కబడుతుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. యూరప్ పరిమితి మనకంటే పదిరెట్లు గట్టిది, 0.05. మనం దాన్ని అందుకోవాలంటే పని జరగాల్సింది దాణా దగ్గర, మీ వంటింట్లో కాదు.

మూసీ వెంట మురుగునీటితో పెంచే గడ్డి మేసే గేదెల సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. ఆ గడ్డిలో, ఆకుకూరల్లో సీసం, కాడ్మియం లాంటి లోహాల మీద పరిశోధనలు జరిగాయి. కాడ్మియం గ్రూప్ 1. ఆకుకూరలు ఎక్కడివో తెలుసుకుని కొనగలిగితే మంచిదే.

మంట, పొగ, మాడు

హలీం అభిమానులకు శుభవార్త. మాంసం వల్ల మంట దగ్గర పుట్టే క్యాన్సర్ కారకాలు ప్రధానంగా రెండు రకాలు. కొవ్వు బొగ్గుల మీద కారి, ఆ పొగ మళ్లీ మాంసానికి పట్టినప్పుడు బెంజోపైరీన్ (గ్రూప్ 1) లాంటివి వస్తాయి. మాంసం ఉపరితలం 150 డిగ్రీలు దాటి మాడితే హెటరోసైక్లిక్ అమైన్లు వస్తాయి. హలీంలో మాంసం నీళ్లల్లో, గోధుమల్లో గంటలకొద్దీ ఉడుకుతుంది. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. భట్టీలో కట్టెలు మండుతున్నా పొగ బయటికి పోతుంది, దేగ్‌లోకి (హలీం వండే పెద్ద పాత్రలోకి) కాదు. కాబట్టి ఈ లెక్కలో హలీం, దమ్ బిర్యానీ మంచి బాలురు. వాటిలో నెయ్యి, ఉప్పు సంగతి గుండె డాక్టర్ని అడగండి.

బొగ్గుల మీది కబాబ్, తందూరీ వేరు. మాడిన అంచులు చిదిపి పారేయండి, అంతే. పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి నానబెట్టే మన అలవాటు హెటరోసైక్లిక్ అమైన్లను తగ్గిస్తుంది. కాల్చిన రాతి మీద వండే పత్తర్ కా గోష్త్‌లో కొవ్వు నిప్పుల మీద కారదు కాబట్టి పొగ బాధ తక్కువ, రాయి మరీ కాలి ముక్క నల్లబడితే మాత్రం రెండో బాధ ఉంటుంది.

చిప్స్, ఫ్రైలు, బిస్కెట్లలో ఉండేది ఆక్రిలమైడ్. 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార విభాగం, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం చెప్పేదాకా ఇది తిండిలో ఉందని ఎవరికీ తెలియదు. ఆలుగడ్డలో ఉండే ఆస్పరజిన్, చక్కెరలు 120 డిగ్రీలు దాటితే కలిసి దీన్ని పుట్టిస్తాయి. జంతువుల్లో క్యాన్సర్ తెచ్చింది, మనుషుల మీద చేసిన అధ్యయనాల్లో ఫలితాలు ఒక తీరుగా లేవు. గ్రూప్ 2ఏ. ఇంట్లో ఆలు వేపుడు చేస్తే ముక్కలు కాసేపు నీళ్లల్లో నానబెట్టి, బంగారు రంగు రాగానే దించండి. ఎర్రగా కరకరలాడాలి అని పట్టుబట్టే మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆ పోరు మీరే పడాలి.

బజ్జీల బండి నూనె: మళ్లీమళ్లీ కాచిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పాడవుతూ ఏర్పడేవి) 25 శాతం దాటితే వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచి నియమం పెట్టింది. బండిమీద ఎవరు కొలుస్తారు? నూనె నల్లగా, చిక్కగా ఉండి, పైన నురగ తేలుతూ కళ్లు మండితే పక్క బండికి వెళ్లండి. బజ్జీలు న్యూస్‌పేపర్‌లో వద్దనండి, సిరా నూనెకి కరుగుతుంది.

మిగతావి, త్వరగా

రంగులు. కబాబ్, చికెన్, బిర్యానీలో కృత్రిమ రంగులకు అసలు అనుమతి లేదు. ఎర్రగా మెరిసే చికెన్ 65 అంటే నాకు ఆకలి చచ్చిపోతుంది. పీచుమిఠాయిలో దొరికిన రోడమిన్ బి బట్టల రంగు. 2024లో తమిళనాడు, కర్ణాటక దానిమీద నిషేధం పెట్టాయి. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందనే సాక్ష్యం చాలదు కాబట్టి ఐఏఆర్‌సీ గ్రూప్ 3లో ఉంచింది, కానీ తినే వస్తువు కాదది. కొనకండి.

మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ కొన్ని భారతీయ మసాలాలను అమ్మకాల నుంచి తీయించడానికి కారణం ఇదే. సూక్ష్మజీవుల్ని చంపడానికి వాడే వాయువు, గ్రూప్ 1. గరంమసాలా ఇంట్లో పట్టుకుంటే ఈ బెడద కొంత తగ్గొచ్చు, ఖర్చూ తక్కువే.

కార్బైడ్ మామిడిపళ్లు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నేరమే, అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. ప్రమాదం ఎక్కువ ఆ పొట్లాలు కట్టే కూలీలకు. 100 పీపీఎం లోపు ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టడానికి అనుమతి ఉంది, దానికి భయపడక్కర్లేదు. పండు బాగా కడిగి, తొక్క తీసి తినండి. క్యాన్సర్ భయంతో పిల్లలకు పళ్లే మాన్పించిన ఇళ్లు చూశాను, అది అన్నిటికంటే నష్టం.

పురుగుమందులు. కరివేపాకు, పుదీనా, కొత్తిమీర లాంటి ఆకుల్లోనే మాకు ఎక్కువ కనబడతాయి, బరువు తక్కువ, ఉపరితలం ఎక్కువ కాబట్టి. రెండు మూడు నీళ్లల్లో కడిగితే పైనున్నది పోతుంది, మొక్క పీల్చుకున్నది పోదు. ఖరీదైన కూరగాయల వాష్ ద్రావణాలు అక్కర్లేదు.

బియ్యంలో ఆర్సెనిక్. ఇది గంగా మైదానం, బెంగాల్ వైపు పెద్ద సమస్య. మన దగ్గర పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల చుట్టూ నక్కవాగు వెంట భూగర్భజలాల్లో ఆర్సెనిక్ ఉన్నట్టు అధ్యయనాలున్నాయి. అటువైపు బోరునీళ్లు తాగేవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. నల్గొండది ఫ్లోరైడ్, అది ఎముకల జబ్బు. ఎక్కువ నీళ్లు పోసి గంజి వార్చే పాత పద్ధతిలో, నీళ్లు మంచివైతే, బియ్యంలోని ఆర్సెనిక్ గణనీయంగా తగ్గుతుంది. అయితే బి విటమిన్లు కూడా గంజితో పోతాయి. హైదరాబాద్‌లో నల్లా నీళ్లతో వండుకునేవాళ్లకు అత్తెసరు పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

ల్యాబుకి పంపాలా?

అనుమానం ఒకే వస్తువు మీద ఉంటే పంపండి. "ఇందులో క్యాన్సర్ కారకాలన్నీ చూడండి" అని మాత్రం అడగకండి, అలాంటి పరీక్ష లేదు. పల్లీలు, కారం అయితే "మొత్తం అఫ్లాటాక్సిన్లు, బీ1" అని రాయండి. పాలకు "ఎం1". ఆకుకూరకు "పురుగుమందుల అవశేషాలు". పసుపుకి "సీసం, లెడ్ క్రోమేట్" (రంగు కోసం కలిపే సీసపు రసాయనం). ఒక్కోదానికి మిషను వేరు, ఫీజు వేరు. ల్యాబుకి ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని కాకుండా, ఆ పరీక్షకు గుర్తింపు ఉందా అని అడగండి. రెండూ ఒకటి కావు.

పల్లీలు గుప్పెడు కాదు, కనీసం రెండు కిలోలు తీసుకురండి. డబ్బా పైనుంచి ఒక్కచోట కాకుండా అడుగు, మధ్య, పక్కల నుంచి కొంచెం కొంచెం తీయండి. ఏరకుండా తేవాలి, ఏరినవి తెస్తే మీరు ఏరిన పనికి మేం మార్కులేసినట్టు అవుతుంది. పొడిగా ఉన్న కాగితం సంచీలో పెట్టండి. మేం ఆ రెండు కిలోలనూ మొత్తం పొడి చేసి, కలిపి, అందులోంచి తీసుకుంటాం.

చట్టప్రకారం దుకాణం మీద ఫిర్యాదు చేసే ఉద్దేశం ఉంటే దారి వేరు. ఆహార భద్రత చట్టం 2006లోని 40వ సెక్షన్ కింద వినియోగదారుడే ఫీజు కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. శాంపిల్ తప్పితే ఫీజు వెనక్కిస్తారు. అయితే కొనేటప్పుడే "దీన్ని పరీక్షకు పంపుతున్నాను" అని దుకాణదారుకి చెప్పి ఉండాలి. మన రాష్ట్ర ఫుడ్ ల్యాబొరేటరీ నాచారంలోనే ఉంది. బిల్లు పారేయకండి, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.